ముద్ద ముందర ఆగినందుకు

బాహుదా ఏరు పొంగి మదనపల్లె వీధుల్లోకి నీళ్లొచ్చిన ఏడు పోయి, దానికి మూడో ఏడు జరిగింది ఇది. ఒక ఆదివారం పొద్దున బస్సు కండక్టరు ఉమాపతి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకున్నాడు. అన్నీ పడ్డాయి. కడుపు దగ్గరి గుండీ కూడా పడింది. భార్య శారదమ్మ వంటింట్లో నుంచి వచ్చి ఆ గుండీని చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. పాతికేండ్లు తిట్టిన మనిషి ఏమీ అనలేదంటే అది మెచ్చుకోవడమే.

అంతకుముందు సంగతి వేరు. తిరుణాల రోజుల్లో ఉమాపతి బస్సులో ముందు నుంచి వెనక్కి పోలేకపోయేవాడు. ముందర నిలబడి టిక్కెట్లు కొట్టి ఇస్తే అవి చేతులు మారి వెనక సీటుకు చేరేవి. డబ్బులు చేతులు మారి ముందుకు వచ్చేవి. కొన్ని వచ్చేవి కావు. మోకాళ్లు పట్టేసేవి. షుగరు గడప దాకా వచ్చింది, ఇక లోపలికి రావడమే మిగిలింది అన్నాడు డాక్టరు. అప్పుడు కూతురు తేజస్విని అతని ఫోనులో ఒక యాప్ పెట్టింది.

"ఇది ఏమేమి తినొద్దంటాదమ్మా?" అన్నాడు ఉమాపతి.

"ఏదీ తినొద్దనదు నాయనా. యాల తింటాండావు, ఆకలికేనా అని అడుగుతాది. అంతే. ఇది సైకాలజీ యాప్. మనసును పట్టుకొని నడుస్తాది."

"నా కడుపుకూ మనసుకూ ఏం సంబంధం?"

"అదే కనుక్కోమంటాండాది."

అతను కనుక్కున్నాడు. బస్సు పుంగనూరు బస్టాండులో ఆగినప్పుడల్లా వసంతమ్మ అంగడిలో మిరపకాయ బజ్జీలు తినడం అతనికి అలవాటు. తినబోయే ముందు యాప్ అడిగేది: ఆకలా, మనసా? జవాబు చెప్పుకుంటూ పోగా పోగా ఒక సంగతి బయటపడింది. చిల్లర దగ్గర ఎవరితోనైనా గొడవపడిన రోజే అతను బజ్జీలు తింటున్నాడు. గొడవ పెద్దదైతే రెండు ప్లేట్లు. జనం నవ్వుతూ దిగిపోయిన రోజు బజ్జీల వాసన కూడా ముక్కుకు తగలడం లేదు. ఇన్నేండ్లూ తాను తిన్నది బజ్జీలు కాదని, మింగలేని మాటలని ఉమాపతికి అర్థమైంది. చదువుకున్నవాళ్లు చేసిన పనుల్లో ఇది మంచి పని. మనిషిని తిట్టకుండా, వాడి సంగతి వాడికే చూపించింది.

ఆ యాప్‌లో మమత అని ఒక టీచరమ్మ ఉంది. ఎక్కడుంటుందో తెలియదు. గొంతు మాత్రం వస్తుంది. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఆగమని ఆమె నేర్పింది. ఆకును చూడాలి. వాసన చూడాలి. ఒక ఫోటో తీసి ఆమెకు పంపాలి. వడ్డించినదాంట్లో సగం పక్కకు జరపాలి. ఆ తర్వాత ఒక్కో ముద్దా నిదానంగా నమలాలి. ఉమాపతి డిపోలో పైఅధికారి మాట ఇంత బాగా ఎప్పుడూ వినలేదు.

ఆ ఆదివారం ప్రయాణం తేజస్విని కోసమే. అంగళ్లు కాలేజీలో తనతో చదివిన అరుణ్ కుమార్‌ను చేసుకుంటానని ఆమె ఇంట్లో చెప్పింది. ఆ పిల్లవాడు ఇప్పుడు కుప్పంలో బ్యాంకు ఉద్యోగి. వాళ్లది గుడుపల్లె దాటినాక ఒక పల్లె. మా పక్క ఆడపిల్లవాళ్లు పోయి అబ్బాయి ఇల్లు చూసి, ఆ ఇంట్లో తిని, సంతోషంగా చెయ్యి కడిగితే సంబంధం కుదిరినట్టే. తినకుండా లేచొస్తే కుదరనట్టే. మాటలు తర్వాత.

తేజస్విని గడప దాకా వచ్చి చెప్పింది. "నాయనా, ఆడ పెట్టిందంతా తినొద్దు. ఇన్నాళ్లు పడిన కష్టం ఒక్క పూటకు పోతాది. యాప్ సెప్పినట్లే తిను. నామీద ఒట్టు."

"నీ మీద యాలమ్మా ఒట్టు? తింటానులే."

పాపం, తన పెండ్లికి తనే అడ్డం పెట్టుకుంటున్నానని ఆ బిడ్డకు ఎట్లా తెలుస్తుంది?

పుంగనూరులో శారదమ్మ తమ్ముడు మునిశేఖర్ బస్సెక్కాడు. మాట్లాడటానికి ఒక మనిషి ఉండాలని అతన్ని పిలిచారు. అది అవసరం లేదని తర్వాత తెలిసింది.

అరుణ్ కుమార్ తండ్రి గంగులప్ప ఇంటి మీద ఒక పాతమాట ఉంది. మదనపల్లె దాకా రాలేదు గనుక ఉమాపతికి తెలియదు. గంగులప్ప తల్లి మునెమ్మ కొత్త కోడలుగా ఉన్నప్పుడు, ఆమె వండింది తిన్న చుట్టం ఒకడు మంచాన పడ్డాడు. ఏ జ్వరమో. ఆ ఇంట్లో మందు పెట్టినారని వాడు అన్నాడు. పెట్టుమందు అంటే అందరికీ తెలిసిందే. కూటిలో కలిపి పెడితే మనిషి వాళ్ల చెప్పుచేతల్లో ఉంటాడని, లేదంటే చిక్కిపోతాడని చెప్పుకుంటారు. అది కక్కించేవాళ్లు కూడా ఉన్నారు. వాడు ఎక్కడికో పోయి కక్కించుకున్నాడు. జ్వరం తగ్గింది. మాట తగ్గలేదు. అప్పటినుంచి ఆ ఊళ్లో మునెమ్మ చేతి కూడు ఎవరూ ముట్టలేదు. ఆమె పిలిస్తే, "ఇప్పుడే తినొచ్చినా అక్కా" అనేవాళ్లు. అరవై ఏండ్లు ఆ ఊరు ఆమె పిలిచే ముందే తినొచ్చింది.

అందుకే ఆ రోజు ఆ ఇంట్లో వంట అట్లా చేశారు. రాగి సంగటి, నాటుకోడి పులుసు, చెనక్కాయలు నూరిన ఊరిబిండి, అలసంద వడలు, పూర్ణం పెట్టిన ఓళిగలు, పాయసం. గంగులప్ప భార్య సరస్వతమ్మ తెల్లవారక ముందే పొయ్యి వెలిగించింది. మునెమ్మ తన చేత్తో సంగటి కెలికింది. కొడుకు వద్దంటే, "నా మనవడి పెండ్లికి నేను గాకుండా ఎవురు కెలుకుతారురా?" అంది.

మగవాళ్లకు ఆకులు వేశారు. శారదమ్మకు గోడ పక్కన వేశారు. సరస్వతమ్మ ఉమాపతి ఆకులో పెద్ద సంగటి ముద్ద పెట్టి, నడుమ గుంట చేసి, పులుసు పోసి, నిలబడి చూసింది. తలుపు సందులో నుంచి మునెమ్మ చూసింది.

ఉమాపతి ఆగాడు.

ఆకు వైపు వంగి ఒక్కొక్కటీ చూశాడు. ముక్కు దగ్గరికి పెట్టుకుని వాసన చూశాడు. కండ్లు మూసుకున్నాడు. తెరిచి ఫోను తీసి ఫోటో తీశాడు. సంగటిని రెండుగా విరిచి, లోపల ఎట్లా ఉందో చూసినట్టు చూసి, సగం ఆకు అంచుకు తోసేశాడు. చెనక్కాయంత ముద్ద నోట్లో పెట్టుకుని నములుతూ ఇంటి దూలాల వైపు చూశాడు.

సరస్వతమ్మ చేతిలో గరిటె అట్లాగే ఆగింది. గంగులప్ప నమలడం ఆపాడు.

"తినయ్యా, సూస్తాండారు," అంది శారదమ్మ పండ్ల సందు నుంచి.

"తింటాండానే!"

అంతలో ఫోను మోగింది. బస్సు చప్పుళ్లలో ఏండ్లకేండ్లు గడిపిన చెవులు కాబట్టి ఉమాపతి ఫోను ఎప్పుడూ పెద్ద గొంతులోనే ఉంటుంది. టీచరమ్మ మాట ఇల్లంతా వినబడింది. "ఫోటో చూశాను ఉమాపతి గారూ. చాలా మంచి పని చేశారు. తొందరపడి మింగొద్దు. మొదటి ముద్దలో ఏమేమి ఉన్నాయో నాలుకతో కనిపెట్టండి. కడుపు వద్దంటే అక్కడే ఆపేయండి."

"ఎవురప్పా ఆయమ్మ?" అన్నాడు గంగులప్ప.

"మా టీచరమ్మ. ఆయమ్మ సెప్పకుండా నేను యాడా ముద్ద ముట్టను," అన్నాడు ఉమాపతి గర్వంగా.

మునిశేఖర్‌కు పరిస్థితి బాగాలేదని తెలిసింది. తనను పిలిచింది ఇందుకేనని గుర్తొచ్చింది. సర్దుదామని నోరు తెరిచాడు. "మీరేం అనుకోవద్దు మామా. మీ ఇల్లనే గాదు, మా బావ ఎవురింట్లో అయినా ఇంతే. ముందు పరీచ్చ. తర్వాతనే ముద్ద. మనిషిని నమ్మినా కూటిని నమ్మడు."

గంగులప్ప ఎడమచేత్తో ఆకు మడిచి లేచాడు. "లెయ్యండప్పా. సాలు. మా యింటి కూడు పరీచ్చ సేసుకొని తినేవాళ్లు మాకొద్దు. ఈ సంబంధమూ వద్దు."

"నాయనా, ఆయన సంగతి అది గాదు!" అన్నాడు అరుణ్ కుమార్. యాప్ విషయం తేజస్విని అతనికి చెప్పే ఉంది. కానీ తండ్రి కొడుకు మాట వినే స్థితిలో లేడు. సరస్వతమ్మ గరిటె కింద పెట్టి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఉమాపతి ఒక్కడే నములుతున్నాడు. ముద్ద మొదలుపెడితే పూర్తిగా నమలాలి కదా.

అప్పుడు మునెమ్మ తలుపు సందులో నుంచి వచ్చింది. ఎనభై దాటిన మనిషి. గోడ పట్టుకుని వచ్చి ఉమాపతి పక్కన కింద కూర్చుంది. అతని ఆకులో నుంచి సంగటి తుంచింది, తిన్నది. పులుసులో ముక్క తీసింది, తిన్నది. ఊరిబిండి, వడ, ఓళిగ, అన్నీ తలా కొంచెం తిన్నది. పెదవులు తుడుచుకుంది.

"సూడు నాయనా. సావలేదు. ఇంగ తిను," అంది.

శారదమ్మ ఆడమనిషి కాబట్టి ముందు ఆమెకే అర్థమైంది. మొగుడి చెవిలో రెండే మాటలు చెప్పింది. ఉమాపతి నమలడం ఆగింది. మొహం నల్లబడింది. అతను ముసలమ్మ చెయ్యి పట్టుకున్నాడు. ఎంగిలి చెయ్యి అని కూడా చూసుకోలేదు.

"పెద్దమ్మా, నా బిడ్డ మీద ఆన. నాకేమీ తెల్దు. నేను లావెక్కినానని మా పాప ఫోన్లో ఇది పెట్టింది. తినే ముందర ఆగి సూసుకోమంటాది. ఆకలికి తింటాండావా, మనసు బాగలేక తింటాండావా అని అడుగుతాది. మా ఇంట్లోనూ ఇట్లే తింటాను, అడుగు ఈమెను."

"ఇట్లే తింటాడమ్మా," అంది శారదమ్మ. "ఒక దోసె తినేలోపల నేను మూడు బిందెలు నీళ్లు పట్టుకొస్తా."

మునెమ్మ ఫోను వైపు చూసింది. "ఆకలా, మనసా అని అడుగుతాదా?"

"అవును పెద్దమ్మా."

"మంచి మాటే. మా ఊర్లో ఎవురూ నన్ను అడగలేదు ఆ మాట."

ఆ తర్వాత ఉమాపతి తిన్నాడు. అంచుకు తోసిన సగం ముద్ద దగ్గరికి లాక్కున్నాడు. అది అయ్యాక ఇంకొకటి అడిగి పెట్టించుకున్నాడు. అది అయ్యాక మునెమ్మ చేత్తోనే ఇంకొకటి పెట్టించుకున్నాడు. వద్దన్న మాట ఆ నోట్లో నుంచి రాలేదు. ఓళిగల మీద నెయ్యి పోస్తుంటే చెయ్యి అడ్డం పెట్టలేదు. కూతురు ఒట్టు పెట్టిన సంగతి మరిచిపోలేదు. ఆ బిడ్డ కోసమే ఆ ఒట్టు తప్పాడు. అంత లావు మనిషి నెలల తరబడి పస్తులు లేకుండా, పట్టుదలగా కరిగించుకున్న కడుపును ఒక ముసలమ్మ మొహం చూసి ఒక్క పూటకు వదిలేశాడు. అట్లాంటివాళ్లు తక్కువ.

గంగులప్ప చూసి చూసి మళ్లీ వచ్చి కూర్చున్నాడు. "ఇంగ సాలు లెయ్యప్పా, సచ్చిపోతావు," అని అతనే అన్నాడు. చెయ్యి కడిగారు. తాంబూలం ఇచ్చారు. సంబంధం కుదిరింది.

కథ అక్కడ ఆగిపోయి ఉంటే బాగుండేది. కానీ కుప్పం నుంచి పుంగనూరు దాకా బస్సుంది, దారిలో గుంతలున్నాయి. పలమనేరు దాటేసరికి ఉమాపతికి చెమటలు పట్టాయి. చిన్న భోజనాలకు అలవాటు పడిన కడుపు అది. పుంగనూరు బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే దిగాడు. వసంతమ్మ బజ్జీల అంగడి ముందర, అందరూ చూస్తుండగా, తిన్నదంతా కక్కేశాడు.

"అయ్యో అప్పా, యాడ తిన్యారు?" అంటూ వసంతమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది.

మునిశేఖర్ మళ్లీ నోరు తెరిచాడు. "గుడుపల్లె అవతల. గంగులప్ప ఇంట్లో."

అదే బస్సులో పాపయ్య అనే ముసలాయన దిగాడు. అతనిది గంగులప్ప ఊరే, పుంగనూరులో కూతురింటికి వచ్చాడు. ఆ మాట విని అతను నిలబడిపోయాడు. "మునెమ్మ ఇంట్లోనా? తిని, కక్కినాడా?" అన్నాడు. ఇంక జవాబు కోసం చూడలేదు. ఫోను తీసి పెండ్లానికి చెప్పాడు. ఉమాపతి మొహం కడుక్కునే లోపల ఆ మాట వచ్చిన దారినే వెనక్కి పోయి గుడుపల్లె దాటింది.

వాళ్లు మదనపల్లెలో ఇంటికి చేరేసరికి తేజస్విని వాకిట్లో నిలబడి ఉంది. ఏడ్చిన మొహం. "ఏం సేసినావు నాయనా? అరుణ్ ఫోన్ సేసినాడు. మందు కక్కినాడని ఊరంతా అనుకుంటాండారంట. వాళ్ల నాయన సంబంధం వద్దే వద్దంటాండాడు. వాళ్లవ్వ గోడపక్కకు తిరిగి పండుకుందంట. ముద్ద కూడా ముట్టలేదంట."

ఉమాపతి చొక్కా విప్పకుండానే కూర్చున్నాడు. పెండ్లి సంగతి ఒకటి. అది కాక, ముసలమ్మ తినలేదన్న మాట అతనికి ఎక్కడో తగులుకుంది. తన ఆకులో నుంచి తుంచుకుని తిన్న ఆ చెయ్యి గుర్తొచ్చింది.

పొద్దుగూకే వేళకు యాప్ రోజూలాగే అడిగింది: ఈ రోజు ఎందుకు తిన్నారు? ఆకలా, మనసా?

అతను ఫోను నోటి దగ్గర పెట్టుకుని జరిగిందంతా చెప్పాడు. "నా మనసు కోసరం గాదు టీచరమ్మా. ఇంకొకరి మనసు కోసరం తిన్యాను. అదీ నిలబళ్లేదు. ఇప్పుడు ఏం సెయ్యల్లో నువ్వే సెప్పు."

కొంతసేపటికి జవాబు వచ్చింది. "ఒక్క పూట తప్పినంత మాత్రాన అంతా పోయినట్టు కాదు ఉమాపతి గారూ. మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. తప్పు ఎక్కడ జరిగిందో అక్కడికి వెళ్లండి. రేపు ఉదయం అక్కడి నుంచే నిదానంగా మళ్లీ మొదలుపెట్టండి."

ఆమె చెప్పింది మనసులోకి వెళ్లమని అయి ఉండొచ్చు. ఉమాపతి శారదమ్మను పిలిచి, కుప్పం పోయే మొదటి బస్సుకు లేపమన్నాడు.

మర్నాడు పొద్దున అతను ఏమీ తినకుండా బయలుదేరాడు. గంగులప్ప ఊళ్లో దిగేసరికి పాల కేంద్రం దగ్గర జనం ఇంకా క్యాన్లతో నిలబడి ఉన్నారు. గంగులప్ప కూడా ఉన్నాడు. అతని పక్కన మాత్రం ఎవరూ లేరు.

"మళ్లీ యాల వచ్చినావప్పా? సూసింది సాల్లేదా ఊరు?" అన్నాడు గంగులప్ప.

"ఆకలయితాండాది బావా. ఈపొద్దు నిజం ఆకలే. పెద్దమ్మను ఏమన్నా పెట్టమను. ఈడనే తింటా." అని పాల కేంద్రం అరుగు మీద కూర్చున్నాడు. తాంబూలం పుచ్చుకున్నవాడు కాబట్టి బావా అన్నాడు. గంగులప్ప ఆ మాట కాదనలేదు.

కబురు విని మునెమ్మ వచ్చింది. రాత్రి తినకుండా మిగిలిన సంగటిని మజ్జిగలో పిసికి, ఉల్లిగడ్డ పెట్టుకుని గిన్నె తెచ్చింది. ఉమాపతి ఆగాడు. చూశాడు. వాసన చూశాడు. ఫోటో తీశాడు. తర్వాత టీచరమ్మ నేర్పినట్టు నిదానంగా, ఒక్కో ముద్దా నమిలి నమిలి తిన్నాడు. ముందు రోజు ఆ ఇంటి పరువు తీసిన నిదానమే ఆ రోజు పనికొచ్చింది. అతను ఎంతసేపు తింటే అంతసేపూ ఊరు చూడాల్సి వచ్చింది. పాలు పోసినవాళ్లు పోలేదు. పోయవలసినవాళ్లు పోయలేదు.

"ఇంగా పళ్లేదే మనిషి," అన్నారు ఎవరో వెనక నుంచి.

గిన్నెలో సగం అయ్యాక ఉమాపతి ఆపాడు. మునెమ్మ మొహం చిన్నబోయింది. "ఏం నాయనా, బాగలేదా?"

"బాగుంది పెద్దమ్మా. ఆకలి తీరింది. నిన్న తీరినాక గూడా తిన్యాను, అదే నా తప్పు. నీ కూటిది గాదు." ఈ మాట పెద్దగానే అన్నాడు. కండక్టరు గొంతు కదా, వీధి చివర దాకా పోయింది. "మిగిలింది నువ్వు తిను. రాత్రి నుంచి తిన్లేదంట నువ్వు."

ఆమె అరుగు మీద అతని పక్కన కూర్చుని, అదే గిన్నెలో తిన్నది. రెండు ముద్దలు మిగిలాయి. ఫోను అందుకుని ఊరంతా చెప్పిన మనిషి, పాపయ్య పెండ్లాం, పాల క్యాను కింద పెట్టి మెల్లగా ముందుకు వచ్చింది.

"మునెమ్మక్కా, నాకొక ముద్ద పెడతావా?"

మునెమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ఆకలా, మనసా?"

ఆమె తల దించుకుంది. "మనసే అక్కా."

"అయితే తిను," అని మునెమ్మ ముద్ద ఆమె చేతిలో పెట్టింది. గంగులప్ప క్యాను మూత పెట్టుకుంటూ అటువైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి ఇటు తిరిగి, "పెండ్లి యాడ పెట్టుకుందాం బావా? మదనపల్లెలోనా, ఈడనా?" అన్నాడు.

తిరుగు బస్సులో ఉమాపతి పుంగనూరులో దిగాడు. వసంతమ్మ అంగడి ముందర, ముందు రోజు కక్కిన చోటే నిలబడ్డాడు. మళ్లీ ఆ ఇంట్లోనే తిన్నాడని అప్పటికే తెలిసిపోయింది. మునిశేఖర్‌తో సహా చాలామంది, మళ్లీ కక్కుతాడేమోనని చేరారు. ఉమాపతి నీళ్లు తాగాడు, మూతి తుడుచుకున్నాడు, మదనపల్లె బస్సెక్కి కూర్చున్నాడు. ఏమీ కాలేదు. చూడటానికి వచ్చినవాళ్లందరూ ఆ దిగులుతో తలా ఒక ప్లేటు బజ్జీలు తిన్నారు.